ఎంబీఏ తరవాత కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కాకుండా మంచి ఆదాయమున్న దారులేవి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. నేను ఎంబీఏ చివరి సంవత్సరంలో ఉన్నాను. దీనికి ముందు అయిదేళ్లపాటు ఒక తయారీ కంపెనీలో కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. మా తరగతిలో ఎవరిని కదిపినా కన్సల్టింగ్, లేకపోతే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అనే రెండు మాటలే వినిపిస్తాయి. కన్సల్టింగ్‌లో చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయాను. బ్యాంకింగ్‌లో చేరిన సీనియర్ల పనివేళలు దగ్గరనుంచి చూశాక ఆ వైపు మనసు పోలేదు. విద్యారుణం తీర్చవలసి ఉంది కాబట్టి ఆదాయం నాకు ముఖ్యమే. ఆ మాట చెప్పుకోవడానికి సంకోచించను.

అయిదారేళ్లలో ఆ రెండింటికీ దీటుగా సంపాదించగలిగే వృత్తులు ఇంకేమున్నాయి? పేర్ల జాబితాలు చాలా చూశాను. ఆ పని రోజూ ఎలా ఉంటుందో, అంత జీతం ఎందుకిస్తారో లోపలున్నవారు చెబితే ఎంతో మేలు.

సమాధానం 1 (పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ అమ్మకాల్లో)

ఎంబీఏ విద్యార్థులు చిన్నచూపు చూసే పని గురించి చెబుతాను. పెద్ద సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మడమే నా వృత్తి. మా వేతనంలో సాధారణంగా సగం స్థిరం, సగం కమీషన్. ఏడాదికి ఇంత అమ్మాలని ఒక కోటా ఇస్తారు. అది సరిగ్గా పూర్తయితే చేతికొచ్చే మొత్తాన్ని ‘ఆన్ టార్గెట్ ఎర్నింగ్స్’ అంటారు. కోటా దాటిన తరవాత చాలా కంపెనీల్లో కమీషన్ రేటే పెరుగుతుంది. అందుకే బాగా కలిసొచ్చిన ఏడాది మంచి అమ్మకందారు తన మేనేజరుకన్నా ఎక్కువ సంపాదించడం మా రంగంలో వింతేమీ కాదు.

ఇంటింటి అమ్మకంతో దీనికి పోలిక లేదు. ఒక ఒప్పందం కుదరడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. వాడేవారికి నచ్చాలి, ఐటీ విభాగం భద్రత పరీక్షలు దాటాలి, ఆర్థిక విభాగం బడ్జెట్ ఒప్పుకోవాలి, న్యాయ విభాగం ఒక్కొక్క షరతూ చదవాలి, అన్నీ అయ్యాక కాగితం కొనుగోళ్ల విభాగం బల్ల మీదికి వస్తుంది. మూడు నెలల గడువు చివరి వారంలో ఆ బల్లకు అవతల కూర్చున్న మనిషి ఫోన్ ఎత్తకపోవడానికి కారణమేమిటో నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. మా గడువు ముగిసేకొద్దీ తగ్గింపు పెరుగుతుందని ఆయనకు తెలుసు. మీరు అయిదేళ్లు చేసింది ఆ పనే కదా! ఇంటర్వ్యూలో ముందుగా చెప్పవలసినది మీ డిగ్రీ గురించి కాదు, ఆ అనుభవం గురించి.

నష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. మీకు కేటాయించిన ప్రాంతం, ఖాతాదారులు బలహీనంగా ఉంటే నైపుణ్యం ఎంతున్నా కోటా అందదు. వరసగా కొన్ని త్రైమాసికాలు తప్పితే ఉద్యోగానికే ముప్పు. కాబట్టి చేరేముందు ఒక ప్రశ్న అడగండి: “నిరుడు మీ బృందంలో కోటా పూర్తి చేసినవారు ఎందరు?” దానికి అంకెతో జవాబు రాకపోతే అక్కడ చేరకండి.

సమాధానం 2 (ధరల నిర్ణయ విభాగంలో)

నేను చేసే పని పేరు ప్రైసింగ్. ఎంబీఏలో దీన్ని మార్కెటింగ్ పాఠంలో ఒక అధ్యాయంగా చదివి వదిలేస్తారు, అది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. చిన్న లెక్క చూడండి. అమ్మకాలు 100, ఖర్చులు 90, లాభం 10 ఉన్న కంపెనీ, కొనేవారిని పోగొట్టుకోకుండా ధరను ఒక్క శాతం పెంచగలిగితే లాభం 11 అవుతుంది, అంటే పది శాతం పెరుగుదల. ఖర్చులు తగ్గించి అదే ఫలితం తేవాలంటే ఎంతమంది ఎన్ని నెలలు కష్టపడాలో మీకు కొనుగోళ్ల అనుభవంతో బాగా తెలుసు.

ఈ విద్యకు బలం తెచ్చింది విమానయానం. 1978లో అమెరికాలో విమాన ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణ తొలగించడం మొదలైన తరవాత పీపుల్ ఎక్స్‌ప్రెస్ వంటి చౌక సంస్థలు పుట్టుకొచ్చాయి. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాటి ధరలకే కొన్ని సీట్లు అమ్మకానికి పెట్టింది. అయితే ముందుగా కొనాలి, తిరుగు ప్రయాణానికి కూడా నిబంధనలు పాటించాలి. చివరి నిమిషంలో వచ్చే వ్యాపార ప్రయాణికుల కోసం మిగిలిన సీట్లను పూర్తి ధరకే అట్టిపెట్టింది. ఏ విమానంలో ఎన్ని సీట్లు చౌకగా ఇవ్వాలో కంప్యూటరు లెక్కలు చెప్పేవి. సుమారు రెండేళ్లకే పీపుల్ ఎక్స్‌ప్రెస్ మరో సంస్థలో కలిసిపోయింది. ఇవాళ హోటళ్లు, సాఫ్ట్‌వేర్ చందాలు, పారిశ్రామిక విడిభాగాలు అమ్మే సంస్థలు కూడా ఇటువంటి లెక్కలు చేసేవారిని వెతుక్కుంటున్నాయి. మొదటి జీతం బ్యాంకింగ్ అంత ఉండదు. కాని మీరు తెచ్చిన లాభాన్ని ఫలానా అని చూపించగలరు కనుక తరవాతి మెట్లు వేగంగా ఎక్కుతారు.

సమాధానం 3 (నష్టాల్లో ఉన్న కంపెనీల పునర్వ్యవస్థీకరణలో)

మా రంగాన్ని టర్న్‌అరౌండ్ అంటారు. అప్పులిచ్చినవారు ఓపిక నశించి మమ్మల్ని పిలిపిస్తారు. వెళ్లిన మొదటి రోజే మేము మొదలుపెట్టేది 13 వారాల నగదు పట్టిక. వారానికొక నిలువు గడి. పైన రావలసినవి, కింద చెల్లించవలసినవి, అడుగున మిగిలే నగదు. ఆ అడుగు వరసలో ఏ వారం అంకె సున్నా కిందికి దిగుతుందో అదే మాకున్న గడువు. ఒక శుక్రవారం ఇద్దరు సరఫరాదారుల్లో ఒకరికే చెల్లించగలిగిన స్థితి వచ్చింది. ఎవరికివ్వకపోతే యంత్రాలు ఆగిపోతాయో ఆ కంపెనీ స్టోర్ ఇన్‌చార్జిని అడిగి తెలుసుకున్నాం. జీతం చాలా మంచిదే, కాని పనివేళలు బ్యాంకింగ్‌కన్నా మెరుగని చెప్పలేను. మీ ప్రశ్నలో ఆ విషయం ఉంది కాబట్టి హెచ్చరిస్తున్నాను.

సమాధానం 4 (ఒకసారి సెర్చ్ ఫండ్ నడిపి మూసివేసినవాడిని)

సెర్చ్ ఫండ్ మాట ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. 1984లో మొదలైన పద్ధతి ఇది. పది పదిహేనుమంది మదుపరుల నుంచి వెతుకులాట ఖర్చులకు సొమ్ము తీసుకుని, రెండేళ్లలోపు లాభాల్లో ఉన్న ఒక చిన్న కంపెనీని, తరచుగా యజమాని విశ్రాంతి తీసుకోదలచినదాన్ని, కొని దానికి మీరే సీఈఓ అవుతారు. మీకు గరిష్ఠంగా 25 శాతం దాకా వాటా రావచ్చు: కొన్నప్పుడు కొంత, పనిచేసిన ఏళ్లను బట్టి కొంత, మదుపరులకు వచ్చిన రాబడిని బట్టి కొంత. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ 1996 నుంచి వీటిని అధ్యయనం చేస్తోంది. సుమారు మూడోవంతు వెతుకులాటలు ఏ కంపెనీనీ కొనకుండానే ముగుస్తాయి.

నాది ఆ మూడోవంతులోనిదే. ఇరవయ్యో నెలలో ఒక కంపెనీతో మాట కుదిరింది. లెక్కలు తనిఖీ చేస్తుంటే అమ్మకాల్లో నలభై శాతానికి పైగా ఒకే ఖాతాదారు దగ్గరనుంచి వస్తున్నట్టు బయటపడింది. ఆ ఒప్పందం ఏడాదిలో ముగుస్తోంది. మదుపరులు వెనక్కి తగ్గారు, వారిది తప్పనలేను. ఆ రెండేళ్లూ నాకు వచ్చింది కుటుంబం గడవడానికి సరిపోయే జీతం మాత్రమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చివరి సమాధానం ఇచ్చినవారికి ప్రత్యేకంగా. నాలుగింటిలోనూ నన్ను బాగా ఆకర్షించినది సెర్చ్ ఫండే, కాని రుణం ఉన్నవాడు దానికి దిగవచ్చా?

సమాధానం 4 (తిరిగి)

ఇప్పుడే వద్దనే నా సలహా. నెలనెలా వాయిదా కట్టవలసినవాడు తొందరపడి చెడ్డ కంపెనీని కొనే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఏదీ కొనకుండా ఆగిపోవడాన్ని తట్టుకునే శక్తి అతనికి ఉండదు. ముందు నాలుగైదేళ్లు అమ్మకాల్లోనో ప్రైసింగ్‌లోనో పనిచేయండి. చిన్న కంపెనీని కొన్నవాడికి మొదటి ఏడాదే ఆ రెండు విద్యలూ అవసరమవుతాయి. నేను వెతికే రోజుల్లో నాకు ఆ రెండూ రావు. వయసు అడ్డు రాదు, ముప్పై అయిదు దాటి మొదలుపెట్టినవారు నాకు తెలుసు.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది. పాత కంపెనీలో మాకు సాఫ్ట్‌వేర్ అమ్మిన వ్యక్తితో మూడేళ్లు బేరమాడాను, ఆయన నంబరు ఇంకా నా దగ్గర ఉంది. ఈ వారం ఆయనకే ఫోన్ చేసి, వారి బృందంలో నిరుడు కోటా పూర్తి చేసినవారెందరో అడుగుతాను.