రెండు మాటల మధ్య సంయుక్తాక్షరం వస్తే ముందున్నది గురువా, లఘువా?

ఛందస్సు సొంతంగా నేర్చుకుంటున్నాను (బరువుగా పలికే అక్షరం గురువు, తేలిగ్గా పలికేది లఘువు). ఆటవెలదిలో ఇప్పటికి మూడు పాదాలే కుదిరాయి:

వాన కురిసి వెలిసె వాకిట తడి నేల
మట్టి పరిమళమ్ము మనసు నిండె
కొమ్మ మీద ప్రేమ కోరిన కోయిల

మొదటి పాదంలో మూడు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల పెద్ద గణాలు). రెండోదాంట్లో అయిదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం సరిపోవడం) కూడా కుదిరిందనే అనుకుంటున్నాను: వా-వా, మ-మ, కొ-కో.

చిక్కంతా మూడో పాదంలో ఉంది. సంయుక్తాక్షరానికి ('ప్రే' లాంటిది), ద్విత్వాక్షరానికి ('ట్టి' లాంటిది) ముందున్న అక్షరం గురువని చదివాను. 'మట్టి'లో 'మ', 'కొమ్మ'లో 'కొ' అలా గురువులయ్యాయి, అందులో అనుమానం లేదు. మరి 'మీద ప్రేమ' దగ్గర 'ద' సంగతేంటి? గురువైతే 'మీద' రెండు గురువులై సూర్యగణం చెడిపోతుంది. పైకి చదువుతుంటే మాత్రం నాకు 'ద' తేలిగ్గానే పలుకుతోంది, ఊనిక ఏమీ పడట్లేదు. తెలుగు మాటలు విడివిడిగా ఉంటే లఘువుగానే ఉంచొచ్చని ఒక స్నేహితుడు అన్నాడు. నేను వాడే గణాలు లెక్కపెట్టే యాప్ మాత్రం ఎర్ర గీత గీసి తప్పంటోంది!

ఎవరి మాట నమ్మాలి? అదే 'రాజప్రేమ' లాంటి సంస్కృత సమాసమైతే 'జ' తప్పకుండా గురువేనా? తెలుగు మాట పక్కన సంస్కృత పదం వస్తే ఎలా చూడాలి?

నాలుగో పాదం ఎవరూ రాసివ్వకండి, అది నేనే తంటాలు పడతాను. ఈ 'ద' ఒక్కటి తేల్చండి చాలు.