అప్‌డేట్: ఒక్క కంట్లోనే రెటినోబ్లాస్టోమా వస్తే తోబుట్టువుకూ పరీక్ష కావాలా?

బాబుకి రెటినోబ్లాస్టోమా, అంటే కంటి వెనక పొర (రెటీనా)లో చిన్నపిల్లలకు వచ్చే క్యాన్సర్. ఒక కంట్లోనే కణితి, ఇంట్లో ఇంకెవరికీ లేదు, మరి తన చెల్లెలు, నెలల పాపకు పరీక్షలెందుకని ఇంతకుముందు అడిగాను. జవాబు దొరికింది: కావాలి.

రెండు కళ్లలో వస్తే దాదాపు ఎప్పుడూ వంశపారంపర్య రకమే. ఒక కంట్లో వచ్చిన పిల్లల్లోనూ సుమారు 15 శాతం మందిది అదే రకం, అంటే ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే ఆర్‌బీ1 జన్యువులో మార్పు కణితిలోనే కాక ఒంట్లోని మిగతా కణాల్లోనూ ఉంటుంది. ‘వంశపారంపర్యం’ అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మార్పు చాలాసార్లు తల్లిదండ్రుల్లో ఉండదు, బిడ్డతోనే మొదలవుతుంది.

పరీక్షల వరుస ముఖ్యం. కన్ను తీసేయాల్సి వస్తే, కణితి ముక్కను జన్యుపరీక్షకు దాచమని ఆపరేషన్‌కి ముందే అడగండి. మొదట కణితిలో ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ వచ్చిన మార్పులేవో పట్టుకుని, తర్వాత బిడ్డ రక్తంలో వాటినే వెతుకుతారు. రక్తంలో లేకపోతే తోబుట్టువుల గురించి భయం లేదు. బిడ్డ పెద్దయ్యాక తనకు పుట్టే పిల్లలకు మాత్రం ఆ మార్పుల కోసం చూడాలి, ఎందుకంటే కొన్ని కణాల్లోనే ఉన్న మార్పు రక్తంలో దొరక్కపోవచ్చు. కణితి నమూనా లేకుండా రక్తమొక్కటే చూసి ‘ఏమీ లేదు’ అంటే, అనుమానం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఫలితం వచ్చేదాకా పాప కళ్లు చూపిస్తూనే ఉండాలి. టార్చ్ వేసి చూస్తే చాలదు. రెటీనా అంచున చిన్న కణితి ఉంటే కనుపాపలో తెల్లటి మెరుపు కనిపించదు. చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక అంచుదాకా చూడాలి. కాస్త పెద్ద పిల్లలకైతే మత్తు ఇచ్చి చూస్తారు.

సీటీ స్కాన్ రాస్తే, రేడియేషన్ లేని ఎమ్మారై సరిపోతుందా అని అడగండి. వంశపారంపర్య రకంలో రేడియేషన్ వల్ల తర్వాత వేరే క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.