బంపర్ వంగిందా, ఒరిగిందా, జరిగిందా?

చిన్న సందేహమండీ. పికప్ బండి వెనక బంపర్ కుదురుగా లేకపోతే ఎలా సరిచేసుకోవాలో తెలుగులో రాద్దామని కూర్చున్నాను. అనువాదం యాప్‌లో పెడితే "తప్పుగా సమలేఖనం చేయబడిన బంపర్" అని వచ్చింది. లేఖనం అంటే రాత కదా, బంపర్ మీద ఎవరేం రాశారట? దాన్ని కొట్టేసి "వంకర బంపర్" అని పెట్టాను. సరేనా?

— సరికాదనే అంటాను. వంకర బంపర్ అంటే కుక్క తోకలా దాని ఆకారంలోనే వంపు ఉందని అర్థం. బంపర్ తిన్నగానే ఉండి ఒక కొస కిందికి దిగితే అది ఒరిగింది, వంగలేదు. చాదస్తం అనుకోకండి, క్రియ మారితే చేసే పనే మారిపోతుంది. ఒరిగిందంటే కింద జాకీ, దాని మీద చెక్క పెట్టి బరువు ఆపి, బంపర్‌ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టులు పూర్తిగా ఊడదీయకుండా వదులు చేసి, కొసను లేపి, రెండు పక్కలా కొంచెం కొంచెంగా బిగిస్తే చాలు. చాలా బళ్లలో ఆ బ్రాకెట్ బెజ్జాలు గుండ్రంగా కాక కోలగా ఉండేది ఈ సర్దుబాటు కోసమే. అదే బ్రాకెట్ వంగిందనుకోండి, పానా పట్టుకుని ఎంతసేపు కుస్తీ పడితే ఏం లాభం, దాన్ని మార్చాల్సిందే.

— గోడ మీద ఫోటో ఓ పక్కకి దిగితే "వంకరగా ఉంది" అనమా? టోపీ వంకరగా పెట్టుకున్నాడు అనమా? ఫోటోలో వంపేం లేదు కదా మరి!

— అంటాం. కానీ ఆ "గా" చూడండి. ఫోటో వంకరగా ఉంది అంటాం గానీ వంకర ఫోటో అనం, ఫోటో వంగింది అని అసలే అనం. కాబట్టి "వంకరగా బిగించిన బంపర్" నిక్షేపంగా రాసుకోవచ్చు.

— ఇంకోటి మరిచారు, "జరిగింది". కొస కిందికి దిగకుండా మొత్తం ఎడమకో కుడికో పోతే అది జరగడమే. కాకపోతే "బంపర్‌కి ఏం జరిగింది?" అంటే "అదే జరిగింది" అనాల్సి వస్తుంది 😄

— అన్నిటికీ కలిపి కావాలంటే "మట్టం తప్పింది" ఉందిగా. నీటిమట్టం, రసమట్టం అన్నీ ఆ మట్టమే. పక్కకి జరిగినదానికి మాత్రం అతకదు. అన్నట్టు ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకండి, ఒక టైరులో గాలి తక్కువున్నా బంపర్‌నే తప్పుబడతారు. రెండు పక్కలా ఛాసీ (బండి అడుగు చట్రం) నుంచి కొలవండి. సెన్సర్లు, నంబర్ ప్లేటు లైటు వైర్లు ఉంటే లాగకుండా ముందే విప్పండి.

— అందరికీ ధన్యవాదాలు. మీరన్నట్టు ఇప్పుడే మా బండికి ఛాసీ నుంచి కొలిచాను. బంపర్ రెండు పక్కలా సమానంగానే ఉంది. క్యాబిన్‌కీ వెనక బాడీకీ మధ్య సందు మాత్రం ఒక వైపు వేలు పడుతోంది, ఇంకో వైపు పట్టడం లేదు. అంటే జరిగింది బాడీ అన్నమాట. ఇక శీర్షికలో బంపర్ అనే మాటే తీసేయాలేమో.