సంపద పెరిగితే పరిశ్రమల నీటి వాడకం తగ్గుతుందా?

లెక్కల పంతులు (నల్లగొండ): దామరచర్ల థర్మల్ కేంద్రం కృష్ణను తాగేస్తుందని ఇక్కడ కొందరు రాస్తున్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. దేశం ఎదిగే దశలో పరిశ్రమల నీటి వాడకం పెరుగుతుంది, బాగా ఎదిగాక తగ్గుతుంది. అమెరికాలో నదుల నుంచి, భూగర్భం నుంచి తోడే మొత్తం నీరు 1980లో గరిష్ఠానికి చేరి, 2015 నాటికి 1970కి ముందున్న స్థాయికి దిగింది. అక్కడి 1972 స్వచ్ఛ జల చట్టంతో మురుగును శుద్ధి చేయక తప్పని ఫ్యాక్టరీలు, ఎలాగూ శుద్ధి చేసిన నీటిని మళ్లీ వాడుకోవడమే చౌక అని గ్రహించాయి.

బత్తాయి తోట: తోడింది తగ్గింది సార్, నిజమే. పాత విద్యుత్ కేంద్రాలు యంత్రాలను చల్లార్చడానికి ఏటి నీటిని ఒక్కసారి తిప్పి, వేడిగానైనా ఏటికే వదిలేవి. వేడెక్కిన నీటిని చల్లార్చి మళ్లీ తిప్పే కూలింగ్ టవర్లు తక్కువ తోడుకుంటాయి గానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది. ఆ తేడాను మీరు చెప్పలేదు.

పాలమూరు వలస: బొంబాయి బస్సెక్కిన వాళ్లను అడగండి, ముందు పని కావాలంటారు.

లెక్కల పంతులు: ఆవిరినే లెక్కేద్దాం. కొత్త కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరిమితి మెగావాట్ గంటకు 3 ఘనపు మీటర్లు. దామరచర్ల 4000 మెగావాట్లూ ఏడాదంతా ఆగకుండా నడిచినా సుమారు 3.7 టీఎంసీలే. కృష్ణలో తెలంగాణకు తాత్కాలికంగా దక్కిన వాటా 299 టీఎంసీలు.

బత్తాయి తోట: ఆ పరిమితి మొదట 2.5 ఉండేది, 2018లో 3కు సడలించారు. ఎదిగే కొద్దీ నిబంధన బిగుస్తుందన్నారు కదా, ఇక్కడ వదులైందేమిటి? మా తోట పక్కన మందుల కంపెనీ వచ్చిన మూడో ఏడాదికి బోరు నీళ్లకు ఘాటైన వాసన వచ్చింది, డ్రిప్పు రంధ్రాల్లో తెల్లటి పెచ్చు కట్టింది, బత్తాయి ఆకుల అంచులు మాడాయి. ధనిక దేశాలు వాడే మందుల ముడిసరుకు మన దగ్గర తయారవుతుంటే వాళ్ల నీటి వాడకం గీత దిగక ఏం చేస్తుంది? మీ అబ్బాయి కంపెనీ జీతం తెస్తున్నాడు కాబట్టి మీకు గ్రాఫు అందంగా కనబడుతుంది.

కొత్త సభ్యుడు: ఇళ్ల సంగతులు ఎందుకండీ, నీళ్ల గురించి మాట్లాడండి.

లెక్కల పంతులు: పర్వాలేదు, చెబుతాను. మా నాన్న రెండెకరాలు అమ్ముకున్నది బోర్లు ఎండిపోయి. అప్పటికి ఆ చుట్టుపక్కల ఒక్క ఫ్యాక్టరీ లేదు. మా బోరుకు నాలుగు గజాల దూరంలో ఇంకా లోతుగా దించినవాడు సాటి రైతే, గట్టు అవతల అతని వరి పచ్చగానే ఉండేది. ఆ భూమి ఇవ్వలేని అన్నం నా కొడుకు జీతం పెడుతోంది. వరికి పోసే నీటిని ఎవరూ లెక్క అడగరు, కంపెనీకి ఇచ్చే చుక్కనే అడుగుతారు.

బత్తాయి తోట: మీ మాట నొప్పించినా అబద్ధం కాదు. నేను అడిగేది వేరు. రాష్ట్ర పారిశ్రామిక విధానం ప్రాజెక్టుల నీటిలో పది శాతం పరిశ్రమలకు కేటాయించింది. సాగర్ మట్టం 510 అడుగులకు దిగిన ఏడాది ఎడమ కాలువ ఆపుతారు. థర్మల్ కేంద్రానికీ ఆపుతారా?

లెక్కల పంతులు: ఆపరు, అది ఒప్పుకుంటాను. ఆపాలని మాత్రం ఒప్పుకోను.