అమెరికన్ నర్తకి డీటా వాన్ టీస్ బర్లెస్క్ (ఒక్కో వస్త్రం ఊరిస్తూ తీసే రంగస్థల నృత్యం) నచ్చినవాళ్లు ఉన్నారా?

ప్రశ్న (విజయవాడ, గవర్నర్‌పేట): నేను డ్యాన్స్ డ్రెస్సులు కుడతాను. డీటా వేదిక మీద ఎక్కడా తొందరపడదు. పొడుగు గ్లవ్ తీయడమే ఒక అభినయం! ఆ నిదానం ఎలా వస్తుందండీ?

జవాబు (గుంటూరు): చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుందండీ. పెద్ద మార్టినీ గ్లాసులో చేసే నృత్యంలో పాదాలు గమనించండి. మేకప్ కూడా తనే వేసుకుంటుంది.

జవాబు: విసనకర్రల నాట్యానికి పేరుపడ్డ పాతకాలం నర్తకి శాలీ రాండ్ గురించి కూడా చదవండి. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో రెండు పెద్ద ఈకల విసనకర్రలతో ఊరించింది. ఒకటి పక్కకి జరిగేసరికి రెండోది అడ్డొచ్చేయాలి. కూచిపూడి సత్యభామ తెర మీదుగా జడ వేసినట్టే, కనిపించనిదే ఆకట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: భలే చెప్పారండీ! నాకైతే కుట్టుపనికి కూడా దండం పెట్టాలనిపిస్తుంది. కార్సెట్ (నడుము బిగించే దుస్తు) వెనక తాళ్లతో బిగుతుగా ఉండాలి, ముందు కొక్కేలు మాత్రం తాళం తప్పకుండా ఊడాలి. ఒక్క కొక్కెం పట్టేసినా నాట్యం ఆగిపోతుంది.