స్పెక్ట్రమ్ 48కె: టీఆర్4 ట్రాన్సిస్టర్ బదులు ఏం వేయొచ్చు? బెజవాడలో దొరుకుతుందా?

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె (1980ల నాటి హోమ్ కంప్యూటర్), ఇష్యూ 3 బోర్డు. ఆన్ చేస్తే నిలువు చారలే. కాపీరైట్ లైను రాదు. 7805 రెగ్యులేటర్ నుంచి 5 వోల్టులు బాగానే వస్తున్నాయి. 4116 ర్యామ్‌లకు మాత్రం 8వ పిన్నులో 12 లేదు, 1వ పిన్నులో మైనస్ 5 అసలే లేదు. ఈ రెండు వోల్టేజీలూ పుట్టించే సర్క్యూట్‌లోని టీఆర్4 (జెడ్‌టీఎక్స్650 ట్రాన్సిస్టర్) పోయినట్టే. అది మార్చినా, ఏదో ఒక 4116 లోపల షార్టయి ఉంటే కొత్తదీ వెంటనే కాలిపోతుంది.

జెడ్‌టీఎక్స్650 గవర్నర్‌పేట షాపుల్లో గానీ గుంటూరులో గానీ దొరుకుతుందా? లేకపోతే దానికి బదులు ఏది నిలబడుతుంది? బీసీ547 లాంటి చిన్న ట్రాన్సిస్టర్లు చెప్పకండి, ఆ కరెంటుకు ఆగవు.

పాత 4116లు తీసేసి 5 వోల్టులతోనే నడిచే 4164 ర్యామ్‌లు వేద్దామంటే వాటికి 8వ పిన్నులో 5 వోల్టులే ఇవ్వాలి. ఉన్నదున్నట్టు గుచ్చితే 12 తగిలి పోతాయి. ట్రాక్ కోయకుండా, ఆ పిన్ను పైకి వంచి, బోర్డులో 5 వోల్టులుండే 9వ పిన్నుకి కలిపి ఎవరైనా నడిపారా? రంగుల చిప్పు ఎల్‌ఎం1889కూ 12 వోల్టులు కావాలి కాబట్టి టీఆర్4 ఎలాగూ తప్పదు.