12×9 తెరకు ఏ నిష్పత్తి ప్రొజెక్టర్ కొనాలి, ఎక్కడ బిగించాలి?

మ్యాట్ మీద మనిషి
ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్ అమరుస్తున్నాను: నిజం బంతిని గుడ్డ తెర మీదకు కొడితే, అది మైదానంలో ఎటు పోయేదో కంప్యూటర్ లెక్కగట్టి ప్రొజెక్టర్‌తో ఆ తెర మీదే చూపిస్తుంది. గది వెడల్పు 14 అడుగులు, పొడవు 20, ఎత్తు 10. తెర చట్రం నిలబెట్టేశాను: 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు, కింది అంచు నేలను తాకుతుంది. బంతి నుంచి తెరకు 10 అడుగులు. బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 16:9 ఉన్న ప్రొజెక్టర్ కొనాలా, 16:10 కొనాలా, 4:3 కొనాలా? పైకప్పుకు వేలాడదీయాలా, నేల మీద పెట్టెలో ఉంచాలా? తెర గుడ్డ తెల్లదా, బూడిద రంగుదా అన్నది కూడా తేలలేదు. ఆడేది నేనూ మా తమ్ముడూ. వాడిది ఎడమచేతి వాటం.

బర్డీ కల
16:9 తీసుకొని నిశ్చింతగా ఉండండి. ఎక్కువ రకాలు దొరికేది అందులోనే, ఆట లేనప్పుడు సినిమా చూసుకోవచ్చు. 12 అడుగుల వెడల్పుకు బొమ్మ ఎత్తు 6.75 అడుగులు వస్తుంది. పైన రెండడుగుల చిల్లర గుడ్డ ఖాళీగా మిగిలితే కొంపేమీ మునగదు. మా ఇంట్లో ఆ గదిని గోల్ఫ్ కన్నా సినిమాలకే ఎక్కువ వాడుతున్నారు, అది వేరే బాధ.

వెడ్జ్ వీరుడు
మునగకపోవడం ఏమిటి? బంతి 35 డిగ్రీల కోణంలో లేస్తే 10 అడుగుల దూరం వెళ్లేసరికి 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే నా వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే కర్ర) షాట్లన్నీ బొమ్మను దాటి ఉత్త గుడ్డకు తగులుతాయి. బాగా కొట్టిన ప్రతిసారీ చీకట్లోకి కొట్టినట్టు ఉంటుంది. సినిమా కావలసినవారు సినిమా తెర కొనుక్కోవాలి. 12కి 9 అంటే అక్షరాలా 4:3. చట్రం ఏ ఆకారంలో ఉంటే బొమ్మ కూడా అదే ఆకారంలో ఉండాలి, ఇందులో చర్చించడానికి ఏముంది?

కొలబద్ద
ఆడిటోరియాలకు, తరగతి గదులకు ప్రొజెక్టర్లు బిగించడమే నా వృత్తి కాబట్టి లెక్కతో చెబుతాను. లెన్స్ నుంచి తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో నిష్పత్తి. మీ వెడల్పు 12. 0.5 త్రో ఉన్న యంత్రం తెరకు 6 అడుగుల దూరంలో, అంటే బంతికి 4 అడుగుల ముందు వేలాడుతుంది. నీడ పడదు, క్లబ్ (బంతి కొట్టే కర్ర) తగలదు. 0.8 తీసుకుంటే 9.6 అడుగులు, దాదాపు మీ నడినెత్తిన. పొడవైన మనిషి డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన క్లబ్) తిప్పితే ఏదో ఒకరోజు తగులుతుంది. 1.2 అయితే 14.4 అడుగులు, మీ వెనక. అప్పుడు నీడ లెక్క చూడాలి. లెన్స్ 9.5 అడుగుల ఎత్తులో ఉంటే, తెర కింది అంచుకు వెళ్లే కిరణం మీరు నిలబడిన చోట 6.6 అడుగుల ఎత్తులో దాటుతుంది. తల అడ్డురాదు గాని, చేతులు పైకెత్తగానే తెర మీద నీడ కదులుతుంది. 0.5 తీసుకోండి, విషయం ముగిసింది.

పిక్సెల్ పిచ్చి
ముగియలేదండీ. ఆ 6 అడుగుల లెక్క యంత్రం సొంత ఆకారం 4:3 అయితేనే చెల్లుతుంది. ఇప్పుడు దొరికే షార్ట్ త్రో (తెరకు దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే) యంత్రాలు ఎక్కువగా 16:9, కొన్ని 16:10. 16:9 యంత్రంతో 9 అడుగుల ఎత్తు నింపాలంటే అది మొత్తం 16 అడుగుల వెడల్పున వెలుగు చిమ్మాలి. అటూ ఇటూ రెండేసి అడుగులు నల్లగా పోతాయి. త్రో నిష్పత్తిని ఆ 16తో గుణించాలి గాని 12తో కాదు. కాబట్టి 0.5 యంత్రం 8 అడుగుల దూరంలో ఉండాలి, బంతికి రెండే అడుగుల ముందు. 16:10 అయితే మొత్తం వెడల్పు 14.4, దూరం 7.2. కొలబద్ద గారు చెప్పిన 6 అడుగుల దగ్గర రంధ్రాలు వేసి 16:9 యంత్రం తగిలిస్తే బొమ్మ ఎత్తు మళ్లీ ఆ 6.75 అడుగులే. నిష్పత్తి తేలకుండా బిగించే చోటు తేలదు. రెండూ ఒకే ప్రశ్న.

కొలబద్ద
4:3 బొమ్మకు 4:3 యంత్రం అన్న ఉద్దేశంతోనే చెప్పాను. ప్రశ్నలో 4:3 అన్న మాట ఉంది, చదవగలరు.

పిక్సెల్ పిచ్చి
చదివాను. 4:3లో ఇప్పటికీ కనిపించేవి చాలావరకు 1024×768 యంత్రాలు. 12 అడుగులను 1024తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ మూడున్నర మిల్లీమీటర్లు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, అంటే బంతి పట్టేంత చోటులో అడ్డంగా పన్నెండే గళ్లు. పచ్చిక కనిపించదు, చుక్కల ముగ్గు కనిపిస్తుంది. 1920×1200 యంత్రాన్ని 4:3కి కుదిస్తే 1600×1200 మిగులుతుంది, పోయేది ఆరో వంతు. 4కె (3840×2160) 16:9 అయితే 2880×2160 మిగులుతుంది, పోయేది నాలుగో వంతు. వెలుతురు కూడా అదే వంతున పోతుంది. ఇవన్నీ చూసుకునే నేను 16:10 మనిషినయ్యాను.

చీకటి గది
వెలుతురు పోయినా భయపడనక్కరలేదు. మీ తెర వైశాల్యం 108 చదరపు అడుగులు. 3500 ల్యూమెన్ల (వెలుతురు కొలత) 16:9 యంత్రంలో నాలుగో వంతు తీసేస్తే 2625, చదరపు అడుగుకు 24 చొప్పున. సినిమా హాలు తెరకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లే (మామూలు తెల్ల తెర మీద ఇది దాదాపు చదరపు అడుగుకు ఇన్ని ల్యూమెన్లు అన్నట్టే). అయితే అది చీకటి హాలు. మీకు నిలబడి కొట్టే మ్యాట్ మీద దీపం ఉండాలి, ఆ దీపం వెలుగు తెర మీదకు పారకుండా చూసుకోవాలి. లెక్కంతా అక్కడే తారుమారవుతుంది. పెట్టె మీద రాసిన ల్యూమెన్లు నమ్మేటప్పుడు పక్కన ఆన్సీ (ప్రామాణిక పద్ధతిలో కొలిచారన్న గుర్తు) అని ఉందో లేదో చూడండి.

ఎడమ వాటం
అందరూ పిక్సెళ్లు లెక్కపెడుతున్నారు, ఆయన తమ్ముడి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మాకిది అలవాటే. తెర వైపు తిరిగి చూస్తే కుడిచేతి ఆటగాడు బంతికి ఎడమ పక్కన నిలబడతాడు, మేము కుడి పక్కన. ‘ప్రొజెక్టర్‌ను కుడి గోడ వైపు జరపండి, నీడ పోతుంది’ అని సలహా ఇచ్చేవారంతా కుడిచేతివారే. ఆ జరిపిన యంత్రం సరిగ్గా మా నెత్తి మీదకు వస్తుంది. రెండు వాటాలూ ఉన్న ఇంట్లో మధ్య గీత మీద, ఆటగాడికి ముందు వేలాడదీయడమే దారి. బంతిని కూడా గది మధ్యలోనే పెట్టాలి కాబట్టి, 14 అడుగుల్లో ఇద్దరి వీపుల వెనకా క్లబ్ తిరగడానికి చోటు మిగులుతుందో లేదో రంధ్రాలు వేయకముందే చూసుకోండి.

బర్డీ కల
పక్కకు జరిపితే మాత్రం ఏమైంది, కీస్టోన్ ఉంది కదా! రిమోట్‌లో నాలుగు మీటలు నొక్కితే మూలలు సరిపోతాయి. మా ఇంట్లో అలాగే సర్దాను, బొమ్మ చక్కగా ఉంది.

పిక్సెల్ పిచ్చి
ఎవరో ఒకరు ఈ మాట అంటారని ఎదురుచూస్తూనే ఉన్నాను. కీస్టోన్ అంటే వంకరగా పడుతున్న బొమ్మను యంత్రం లోపలే ఎదురు వంకర తిప్పి నొక్కడం. పిక్సెళ్లు తగ్గుతాయి, సన్న గీతలు మసకబారతాయి, వాడని పిక్సెళ్ల నుంచి బూడిద వెలుగు చట్రం బయటికి కారుతుంది, పైగా ఆలస్యం. లెన్స్ షిఫ్ట్‌తో బొమ్మను జరిపితే కదిలేది గాజు, ఒక్క పిక్సెల్ కూడా పోదు. షిఫ్ట్ లేని యంత్రమైతే చచ్చినట్టు మధ్యలో, తెరకు సమకోణంలో బిగించాలి.

వెడ్జ్ వీరుడు
ఆలస్యమట! గంటకు 140 మైళ్ల వేగంతో బయలుదేరిన బంతికి 10 అడుగులు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి తెర మీద చూపేసరికి బంతి ఎలాగూ గుడ్డకు తగిలి ఉంటుంది. ఆ పైన కీస్టోన్ ఇంకో రెప్పపాటు తింటే ఎవరికి పట్టింది? ఇదేమన్నా తుపాకీల ఆటా?

పిక్సెల్ పిచ్చి
ఆలస్యం సంగతి పక్కన పెట్టండి. మసకకు జవాబు చెప్పండి.

కొలబద్ద
ఇప్పుడు మాట మారుస్తున్నది ఎవరో అందరూ గమనించాలి.

బర్డీ కల
నా బొమ్మ మసకగా ఉందని మా ఇంటికి రాకుండానే తేల్చేశారు, సంతోషం.

నిర్వాహకుడు
ప్రొజెక్టర్ల గురించి మాట్లాడండి, మనుషుల గురించి వద్దు.

షాంక్ బాధితుడు
నేల మీద పెట్టె గురించి అడిగారు, దాని మీద నాకు మాట్లాడే హక్కు ఉంది. మధ్య గీత మీద బంతికి ముందు నేల మీద పెడితే అది ప్రొజెక్టర్ కాదు, లక్ష్యం. నేలబారు షాట్ ఒక్కటి చాలు. అందుకని పక్కకు పెడతారు. అక్కడ షాంక్ (క్లబ్ మెడకు తగిలి బంతి పక్కకు దూసుకుపోయే తప్పు షాట్) కాచుకొని ఉంటుంది. నాది సరిగ్గా ఆ కోణంలోనే వెళ్లింది. పెట్టెకు ముందు పలచటి ప్లాస్టిక్ రేకు ఉండేది, అది పగిలి లెన్స్ మీద గీత పడింది. 46 గ్రాములు కూడా లేని బంతి అంత పని చేస్తుంది. ఇప్పుడు మందపాటి పాలికార్బొనేట్ వేశాను, లెన్స్ ముందు మాత్రం ఖాళీ వదిలాను. గాలి పోయే దారి మూస్తే యంత్రం వేడెక్కి దానంతట అది ఆగిపోతుంది, ఆ చికాకు వేరే.

ఎడమ వాటం
మీరు కుడిచేతివారైతే షాంక్ కుడి పక్కకు పోతుంది, మాది ఎడమకు. ఇద్దరూ ఆడే ఇంట్లో నేల మీద ఏ పక్కా భద్రం కాదు. ఇదే నేను మొదటినుంచీ చెబుతున్నది.

సీలింగ్ సన్యాసి
పైకప్పుకు అంటున్నారు గాని, పైకప్పు అంటే ఏది? నాకు బిగించిన సంస్థవారు జిప్సం బోర్డుకు మరలు తిప్పి వెళ్లిపోయారు. నెమ్మదిగా ఒక మూల కిందికి దిగింది, బొమ్మ ఒరిగింది, ఫోను చేస్తే ‘కీస్టోన్‌తో సరిచేసుకోండి’ అన్నారు. చివరకు బోర్డు కోయించి, లోపలి కాంక్రీటు స్లాబ్‌లోకి యాంకర్ బోల్టులు వేయించి, అక్కడినుంచి గొట్టం దింపుకొన్నాను. చెక్క దూలాలున్న ఇంట్లో దూలానికే పట్టించాలి, రెండు దూలాల మధ్య అడ్డ పలక వేసి దాని మీద బ్రాకెట్ పెడితే ముందుకూ పక్కలకూ జరుపుకొనే వీలుంటుంది. పై అంతస్తులో పిల్లలు గెంతితే తెర మీద మా పుటింగ్ గ్రీన్ (గుంట చుట్టూ ఉండే పచ్చిక) ఇప్పటికీ వణుకుతుంది.

కొలబద్ద
సన్యాసి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి ఇంకొకటి కలపాలి. షార్ట్ త్రో యంత్రాల్లో బొమ్మ పై అంచు లెన్స్ మట్టానికి కొంత కిందనుంచే మొదలవుతుంది. ఎంత కిందో పుస్తకంలో ఆఫ్‌సెట్ అన్న చోట రాసి ఉంటుంది, బొమ్మ ఎత్తులో ఇంత శాతమని. మీ పైకప్పుకూ తెర పై అంచుకూ మధ్య ఒక్క అడుగే ఉంది. ఆఫ్‌సెట్ ఎక్కువైతే యంత్రాన్ని పైకప్పుకు అతికించినా బొమ్మ నేల మీదకు జారుతుంది. గొట్టం పొడవు ఆ తర్వాతే కొనాలి.

చదును
అల్ట్రా షార్ట్ త్రో తీసుకొని తెర కిందే పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని ఎవరైనా అనేలోపు: ఆ యంత్రాలు గట్టి చదును తెరకు పుట్టినవి. బంతి తగిలే గుడ్డ ఎంత బిగించినా కాస్త అలలు పోతుంది. అంత ఏటవాలుగా వచ్చే వెలుగులో చిన్న ముడత కూడా బొమ్మలోని ఫెయిర్‌వేను (పచ్చిక బాటను) వంచేస్తుంది. మరీ బిగిస్తే బంతి ఎదురు తిరిగి మీ మోకాళ్లకు వస్తుంది. తెర వెనక గోడకు కనీసం ఒక అడుగు ఖాళీ వదలండి, లేకపోతే గోడ కూడా ఆటలో చేరుతుంది.

మ్యాట్ మీద మనిషి
అందరికీ కృతజ్ఞతలు, తగవులకు కూడా. 1920×1200, లేజర్, 0.5 త్రో యంత్రం చూశాను. 7.2 అడుగుల దగ్గర మధ్య గీత మీద, స్లాబ్‌కు. ఆ చోట పైకప్పు నుంచి అట్టపెట్టె ఒకటి వేలాడదీసి తమ్ముడూ నేనూ డ్రైవర్ నెమ్మదిగా తిప్పి చూశాం, తగలలేదు. పక్కలకు పడే బూడిద వెలుగుకు ముదురు నలుపు పరదాలు వేస్తాను. కంప్యూటర్ గదికి వెనక మూలన ఉంటుంది, కేబుల్ గోడ వెంట పైకి వెళ్లి తిరిగి రావాలి, 12 మీటర్లు పడుతోంది. మామూలు హెచ్‌డీఎంఐ సరిపోతుందా?

వెడ్జ్ వీరుడు
యంత్రం బంతికి మూడడుగులైనా ముందు లేదు. మొదటి వారం నెమ్మదిగా ఆడండి.

సీలింగ్ సన్యాసి
అంత పొడవుకు మామూలు రాగి తీగను నమ్మవద్దు, బొమ్మ మిణుకుమిణుకుమనవచ్చు. ఫైబర్ రకం తీసుకోండి. దానికి దిక్కు ఉంటుంది: ఒక కొన కంప్యూటర్‌కు, రెండోది ప్రొజెక్టర్‌కు, కొనల మీద రాసి ఉంటుంది. పైపులోకి దూర్చే ముందు ఏ కొన ఎటో చదివి, నేల మీదే రెండు వైపులా తగిలించి బొమ్మ వచ్చాక పైకి ఎక్కించండి. మరీ మెలి తిప్పకండి, లోపలిది గాజు.